ఇంచార్జ్ సిస్టర్‌నయ్యాను, రోస్టర్ వెయ్యలేకపోతున్నా

ప్రశ్న: ఈ మధ్యే ఒక ప్రైవేట్ హాస్పిటల్ ఐసీయూలో ఇంచార్జ్‌నయ్యాను మేడమ్, నిన్నటిదాకా నాతో నైట్ డ్యూటీ చేసినవాళ్లకే ఇప్పుడు నేను రోస్టర్ (ఎవరికి ఏ రోజు ఏ డ్యూటీ అనే పట్టిక) వెయ్యాలి, ఎవరో ఒకరు లీవ్ పెడతారు, మిగతావాళ్లకి డబుల్ డ్యూటీ వేస్తే నామీదే కోపం. ఏం చెయ్యను?

జవాబు: ఇది నీ చేతకానితనం కాదమ్మా, మనుషులే తక్కువ. వెంటిలేటర్ మీదున్న పేషెంట్‌కి ఒక నర్సు ఉండాలని, లీవుల కోసం అదనంగా 30 శాతం స్టాఫ్ లెక్కెయ్యాలని నిబంధనల్లోనే ఉంది. అందుకే రోజూ పేషెంట్లెందరు, సిస్టర్లెందరు అని రిజిస్టర్‌లో రాసి నెలాఖరుకి నర్సింగ్ సూపరింటెండెంట్‌కి కాగితం మీద ఇవ్వు, నోటిమాట ఎవరూ పట్టించుకోరు. రోస్టర్ ముందే గోడకి అంటించు, పండగ డ్యూటీలు వంతులవారీగా వెయ్యి, నీ ఫ్రెండ్‌కైనా అంతే. స్టాఫ్ తక్కువైన రోజు నువ్వూ ఒక బెడ్ మీది పేషెంట్‌ని చూసుకో. ఏ సిస్టరైనా తప్పు చేస్తే మాత్రం పేషెంట్ తాలూకు వాళ్ల ముందు తిట్టకు, పక్కకి పిలిచి చెప్పు.