ఓర్కస్ దీవిలో క్రిస్మస్‌కి వెళ్ళేముందు

చిట్టీ,

నీ మెసేజ్ చూశాను. అమ్మానాన్నలు గుంటూరు నుంచి వస్తున్నారని, ఈసారి క్రిస్మస్‌కి సియాటిల్‌కి ఉత్తరాన ఉన్న ఓర్కస్ దీవిలో క్యాబిన్, అంటే సెలవుల ఇల్లు, అద్దెకి తీసుకుందామని, మీ ఆడపడుచు వాళ్ళు కూడా కలుస్తారని రాశావు. చాలా సంతోషం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలని అడిగావు కాబట్టి తెలిసినవి చెప్తాను. సెలవులు బాగా గడిచాయా లేదా అన్నది నేనైతే మీ అమ్మ వంటింట్లో ఎంతసేపు నిలబడిందన్నదాన్ని బట్టి లెక్కేస్తాను. అందుకే ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం వంట గోలే ఉంటుంది, విసుక్కోకు.

ముందు ఫెర్రీ, అంటే కార్లని కూడా ఎక్కించుకుని దీవికి తీసుకెళ్ళే పడవ. క్యాబిన్‌కి డబ్బు కట్టేముందే కారుకి ఫెర్రీ రిజర్వేషన్ సంగతి చూడు. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి టెన్షన్ పడతారు. ఆనకోర్టెస్ రేవు నుంచి, ఓర్కస్ ఉన్న శాన్ వాన్ దీవులకి వెళ్ళే వాషింగ్టన్ స్టేట్ ఫెర్రీల్లో కార్ల చోటు అంతా ఒకేసారి అమ్మరు. కొంత వాళ్ళ టైంటేబుల్ సీజన్ మొదలవడానికి రెండు నెలల ముందు, కొంత ప్రయాణానికి రెండు వారాల ముందు, ఇంకొంత రెండు రోజుల ముందు వదులుతారు. మొదటిసారి దొరకకపోతే నీరసపడిపోకు, రెండో విడత రోజు పొద్దున్నే లేచి కూర్చో. ఇంకో సంగతి. వాళ్ళ టైంటేబుల్ మారేది సాధారణంగా డిసెంబర్ ఆఖరి రోజుల్లోనే. వెళ్ళేటప్పుడున్న టైములు వచ్చేటప్పుడు ఉండకపోవచ్చు. క్రిస్మస్ రోజున మళ్ళీ సెలవు షెడ్యూలు. రెండు వైపులా విడిగా చూసుకో.

మీరు బయల్దేరే బాతెల్ నుంచి ఆనకోర్టెస్‌కి గంటన్నర అనుకో. పడవ టైముకి ముప్పావు గంట ముందే లైన్లో ఉండాలి. అరగంట కంటే తక్కువ ఉండగా చేరితే రిజర్వేషన్ ఉండి కూడా స్టాండ్‌బై వాళ్ళతో, అంటే చోటు మిగిలితే ఎక్కేవాళ్ళతో నిలబడాల్సి వస్తుంది. టికెట్ డబ్బులు ఆనకోర్టెస్‌లోనే తీసుకుంటారు, తిరిగి వచ్చేటప్పుడు కట్టక్కర్లేదు. పద్దెనిమిదేళ్ళు, ఆ లోపు ఉన్న పిల్లలకి టికెట్ డబ్బు అక్కర్లేదు. 65 దాటినవాళ్ళకి సగమే, కాబట్టి నాన్న పాస్‌పోర్టు చేతికందేలా ఉంచు. ఎలాగూ వీసా మీద వచ్చినవాళ్ళ కాగితాలు దగ్గర ఉండటం మంచిదే. ఆ పడవలు పాతబడ్డాయి, ఈ మధ్య కొన్నేళ్ళు సిబ్బంది కొరత కూడా ఉండింది. ఒక్కోసారి ట్రిప్పు రద్దు చేస్తారు. అందుకని ఆ రోజు చివరి పడవ మీద ఎప్పుడూ ఆశ పెట్టుకోకు. మధ్యాహ్నం పడవకి వెళ్తే చీకటి పడకముందే క్యాబిన్ దారి కనిపెట్టుకోవచ్చు. అక్కడ రోడ్ల మీద దీపాలుండవు. జింకలు మాత్రం ఉంటాయి.

చీకటి అన్నాను కదా, దాన్ని తేలిగ్గా తీసుకోకు. క్రిస్మస్ రోజుల్లో అక్కడ ఎనిమిదింటికి తెల్లారుతుంది, సాయంత్రం నాలుగూ ఇరవైకి సూర్యుడు దిగిపోతాడు. మనకి అలవాటైపోయింది గానీ గుంటూరు నుంచి వచ్చినవాళ్ళకి మూడో రోజుకల్లా దిగులు పుడుతుంది. "ఏంటే ఇది, ఇంకా అన్నం అరగనేలేదు, అప్పుడే రాత్రి" అంటుంది మీ అమ్మ. తిరగడం ఏదైనా ఉంటే పది నుంచి మూడు లోపు పెట్టుకోండి. ఆ తర్వాత ఇంట్లోనే. అష్టాచెమ్మాకి గవ్వలు తీసుకెళ్ళు. మీ నాన్న పిల్లలకి నేర్పిస్తే టాబ్లెట్లు వాటంతటవే పక్కకి పోతాయి.

క్యాబిన్ ఎంచుకునేటప్పుడు ఫోటోల్లో సముద్రం ఎంత బాగా కనిపిస్తోందని కాదు చూడాల్సింది. కింద అంతస్తులో పడకగది, దాని పక్కనే బాత్రూమ్ ఉన్నాయా అని చూడు. చాలా క్యాబిన్లలో పై గదికి నిచ్చెనలాంటి నిటారు మెట్లుంటాయి. మీ నాన్న మోకాళ్ళతో రాత్రిపూట అవి దిగడం జరిగే పని కాదు. బెడ్లు ఎంతమందికి సరిపోతాయో రాస్తారు గానీ అందులో హాల్లోని సోఫా కూడా కలిపేస్తారు. ఎవరికి ఏ గది అన్నది బయల్దేరకముందే మీ ఆడపడుచుతో ఫోన్లో తేల్చేసుకో. అక్కడికెళ్ళాక మొహమాటానికి "మేం సోఫా మీద పడుకుంటాంలే" అన్నవాళ్ళు వారమంతా ముభావంగా ఉంటారు. ఖర్చు కూడా అంతే, ముందే చెప్పుకోవాలి. ఇంకా, ప్లాస్టిక్ మగ్గు ఒకటి సామానులో వెయ్యి. మీ నాన్న అడగరు, ఇబ్బంది పడతారు.

ఇప్పుడు కరెంటు. ఆ దీవులకి కరెంటు ప్రధానంగా అవతలి ఒడ్డున ఉన్న ప్రధాన భూభాగం నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ ద్వారా వస్తుంది. చలికాలం గాలివానల్లో దేవదారు కొమ్మలు తీగల మీద పడి కరెంటు పోతూ ఉంటుంది. ఊళ్ళో కరెంటు పోతే ఫ్యాన్ ఆగుతుంది, అంతే కదా. అక్కడ చాలా ఇళ్ళకి బావి నీళ్ళు, మోటారు ఆగితే కుళాయి కూడా ఆగిపోతుంది. ఇంటి ఓనరుని నాలుగు ప్రశ్నలు సూటిగా అడుగు: పొయ్యి కరెంటుదా గ్యాసుదా, కట్టెల స్టవ్ ఉందా, కట్టెలు ఎండినవి ఇస్తారా, జనరేటర్ ఉందా. పొయ్యి ప్రొపేన్ గ్యాసుది అయితే ఆ ఇల్లే తీసుకో, సముద్రం కాస్త తక్కువ కనిపించినా సరే. వెళ్ళిన రోజే రెండు పెద్ద గిన్నెల్లో నీళ్ళు పట్టి పెట్టు. కట్టెల స్టవ్‌కి పొగ గొట్టం తలుపు ఎలా తెరవాలో వెలుతురుండగానే నేర్చుకోండి. బూడిద ఇనప బకెట్‌లోకే తీయాలి.

ఇది మాత్రం అందరినీ కూర్చోబెట్టి చెప్పు. ఎంత చలేసినా బొగ్గుల గ్రిల్ లోపలికి తేకూడదు. 2006 డిసెంబర్ గాలివానకి సియాటిల్ చుట్టుపక్కల లక్షల ఇళ్ళకి కరెంటు పోయినప్పుడు, ఇంట్లో బొగ్గులు రాజేసుకుని, వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుతో చనిపోయినవాళ్ళున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మనలాగే వేరే దేశాల నుంచి వచ్చినవాళ్ళు. ఊళ్ళో కుంపటి పెట్టుకున్నాం కదా అనుకుంటారు పెద్దవాళ్ళు. ఊళ్ళో ఇళ్ళకి సందులుంటాయి, ఇక్కడి ఇళ్ళు డబ్బాలాగా మూసుకుపోయి ఉంటాయి.

ఇక వంట. కొత్త ఇల్లు, కొత్త పొయ్యి, పదిమంది తినేవాళ్ళు. మీ అమ్మ ఊరుకుంటుందా? కొంగు దోపుకుని దిగిపోతుంది. "పర్లేదులే" అంటూనే మూడు పూటలా పొయ్యి దగ్గరే ఉంటుంది. తిరిగెళ్ళాక మాత్రం ఊళ్ళో అందరికీ "దీవి బాగుందట, నేను చూళ్ళేదు" అని చెప్తుంది. ఇది జరక్కుండా చూడాల్సింది నువ్వే. నూనెలో వేయించే పనంతా బయల్దేరేముందే మీ ఇంట్లో ముగించు. అరిసెలు, గులాబీ పువ్వులు, జంతికలు ఒక వారాంతం కూర్చుని చేసేయండి, డబ్బాల్లో పెట్టుకెళ్ళొచ్చు. అప్పుడైతే మీ అమ్మకీ సరదాగా ఉంటుంది, మీ ఆడపడుచు పిల్లలు అచ్చు ముంచడం చూస్తారు. క్యాబిన్‌లో కాగే నూనె పెడితే పొగ అలారం మోగుతుంది, వాసన సోఫాలకి పట్టి శుభ్రం చేసిన ఖర్చు అదనంగా వేస్తారు. వాడిన నూనె సింకులో పోయడానికి కూడా లేదు. అక్కడ డ్రైనేజీ సెప్టిక్ ట్యాంకులోకి పోతుంది.

ఇడ్లీ పిండి అక్కడ పులవదు, చలికి రెండు రోజులైనా కదలదు. పులిసిన పిండినే ఐస్ బాక్సులో పెట్టి తీసుకెళ్ళు. కందిపొడి, గోంగూర పచ్చడి, పులిహోర గుజ్జు ఉంటే సగం పూటలు గడిచిపోతాయి. గుండ్రటి మూకుడు గాజు పొయ్యి మీద కుదురుగా నిలవదు, అడుగు చదునుగా ఉన్నది పెట్టుకో. కుక్కర్ గాస్కెట్ మర్చిపోకు. పండగ రోజుకి బిర్యానీ అంటే చికెన్‌కి మసాలా పట్టించి ఫ్రీజ్ చేసి తీసుకెళ్ళు, పొద్దున దమ్ పెట్టేయొచ్చు. ఆ పని అల్లుడికి, మీ ఆడపడుచు మొగుడికి అప్పగించు. ఇద్దరూ మొదట నసుగుతారు, తర్వాత దాని గురించి సంవత్సరమంతా చెప్పుకుంటారు. దీవిలో ఈస్ట్‌సౌండ్ అనే ఊళ్ళో కొట్టు ఉంది గానీ ధరలు ఎక్కువ, పండగపూట తొందరగా మూసేస్తారు. పచ్చిమిర్చి, కొత్తిమీర, పెరుగు ఇక్కడి నుంచే.

ప్రార్థన సంగతి అడగలేదు నువ్వు, కానీ మీ అమ్మ అడుగుతుంది. ఈస్ట్‌సౌండ్‌లో నీటి ఒడ్డున చెక్కతో కట్టిన చిన్న ఎపిస్కోపల్ చర్చి ఉంది, 1880ల నాటిది. క్రిస్మస్ ముందు రోజు ఆరాధన టైము ముందే కనుక్కో. మనవాళ్ళ తెల్లవారుజాము ఆరాధన లేకపోతే పండగలా ఉండదంటావా, దానికీ దారుంది. గుంటూరులో పొద్దున ఐదంటే మనకి ముందు రోజు మధ్యాహ్నం మూడున్నర. నెట్ బాగుంటే మీ చర్చి ప్రసారం టీవీలో పెట్టుకుని అందరూ కూర్చోవచ్చు. చీకటి పడే వేళకి పాటలూ అయిపోతాయి, స్టార్ వెలిగించే టైమూ అవుతుంది. కాగితం స్టార్ ఒకటి తీసుకెళ్ళు, క్యాబిన్ వరండాలో కట్టడానికి ఓనరుని అడుగు.

తిరగడానికి ఒక్క చోటు చాలు, మొరాన్ స్టేట్ పార్క్. కారుకి డిస్కవర్ పాస్, అంటే స్టేట్ పార్కుల్లోకి వెళ్ళే పర్మిట్ ఉండాలి. మౌంట్ కాన్‌స్టిట్యూషన్ మీదికి కారు వెళ్తుంది, ఎత్తు 2,400 అడుగులు. పైన 1930లలో కట్టిన రాతి బురుజు ఉంది. మబ్బు లేకపోతే మౌంట్ బేకర్, కెనడా వైపు దీవులు కనిపిస్తాయి. మంచు పడితే ఆ రోడ్డు మూసేస్తారు, అప్పుడు కింద కాస్కేడ్ చెరువు పక్కన నడవండి. ఒలింపిక్ కొండల చాటున ఉండబట్టి వాన సియాటిల్ కంటే తక్కువే, కానీ గాలి ఎముకలు కొరుకుతుంది. చీర కింద వేసుకోవడానికి మీ అమ్మకి థర్మల్స్ కొను, ఆవిడ స్వెట్టర్ చాలంటుంది, వినకు.

మందులు వారానికి సరిపడా కాకుండా ఇంకో నాలుగు రోజులకి ఎక్కువ పెట్టు. ఓర్కస్‌లో క్లినిక్ ఉంది, ఆసుపత్రి లేదు. పరిస్థితి విషమిస్తే హెలికాప్టర్‌లో దీవి దాటించి ప్రధాన భూభాగంలోని ఆసుపత్రికి తీసుకెళ్తారు. నాన్న ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో అది కవర్ అవుతుందో లేదో ఫోన్ చేసి కనుక్కో. ఫోన్లు కూడా చూసుకోవాలి. అక్కడ చాలాసార్లు కెనడా టవర్ పట్టుకుంటుంది. మీ ప్లాన్‌లో కెనడా లేకపోతే రోమింగ్ ఆపేయండి, ముఖ్యంగా అమ్మానాన్నల ఇండియా సిమ్ముల్లో.

తిరుగు ప్రయాణం ఆఫీసు మొదలయ్యే ముందు రోజు పెట్టుకోకు, రెండు రోజులు ఖాళీ ఉంచు. చెత్త అక్కడ పడేయడం ఖరీదు, సంచుల్లో కట్టి కారులో తెచ్చేసుకోవడమే నయం. గులాబీ పువ్వుల అచ్చు మా ఇంట్లో రెండున్నాయి, ఇనపది తీసుకెళ్ళు. అల్యూమినియం దానికి పిండి అంటుకుంటుంది. ఫెర్రీ దొరికిందో లేదో మాత్రం ముందు నాకు చెప్పు. దొరక్కపోతే విడ్బీ దీవి చూద్దాం, దానికి వంతెన కూడా ఉంది.

మీ పెద్దమ్మ