ఉత్తరాలు పంచుతూ కట్టిన పాటలు

తమ్ముడూ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. కొడుకు అమెరికాలో ఉంటే ఇక్కడ ఒక్కతే మిగిలిన తల్లి కథ. మూడు పేజీల్లో ‘ఒంటరితనం’ అనే మాట తొమ్మిది చోట్ల వాడావు. ఆ మాట వచ్చినప్పుడల్లా ఆమె నాకు కాస్త దూరమైంది. ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. ఛార్జింగు నిండినా ఆమె ఫోను ప్లగ్గు తీయదు, కొడుకు చేసే వేళకు ఎక్కడ ఆగిపోతుందోనని. అది చదవగానే నాకు అమెరికన్ పాటల రచయిత, గాయకుడు జాన్ ప్రైన్ గుర్తుకు వచ్చాడు.

1946లో షికాగో పక్కనున్న మేవుడ్‌లో పుట్టాడాయన. సైన్యంలో పనిచేసి వచ్చాక పోస్ట్‌మ్యాన్‌గా కుదిరాడు. ఇంటింటికీ ఉత్తరాలు వేస్తూ, నడకలోనే పాటలు కట్టుకునేవాడు. 1970లో సినిమా విమర్శకుడు రోజర్ ఈబర్ట్ ఒక చిన్న క్లబ్బులో ఆ పాటలు విని పత్రికలో మెచ్చుకుంటూ రాశాడు. మరుసటి ఏడాదే మొదటి ఆల్బమ్ వచ్చింది. జానపదమూ అమెరికా పల్లెల కంట్రీ సంగీతమూ కలిసిన తేలిక బాణీలు. గిటారు కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళు కూడా వాయించుకోగలరు.

ముందు ‘హలో ఇన్ దేర్’ విను. ముసలి దంపతుల పాట. పాతికేళ్ళు నిండకముందే రాశాడు. చిన్నప్పుడు వృద్ధాశ్రమంలో గదిగదికీ తిరిగి దినపత్రికలు వేసినవాడు కాబట్టి ఆ ముఖాలు ఆయనకు తెలుసు. పాటలో భర్త పిల్లల లెక్క చెబుతాడు. ఇద్దరు ఒమాహాలో ఉన్నారు, ఒకడు ఎక్కడో తిరుగుతున్నాడు, ఇంకొకడు కొరియా యుద్ధంలో పోయాడు. భార్య వెనక తలుపు జాలీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటుంది. ఫ్యాక్టరీలో తనతో పనిచేసిన రూడీకి ఎప్పుడైనా ఫోను చేయాలని ఆయనకు ఉంటుంది. కానీ ‘ఏమిటి విశేషాలు’ అని అతను అడిగితే? చెప్పడానికి ఏమీ లేదు.

చెప్పడానికి ఏమీ లేక స్నేహితుడికి ఫోను చేయని మనిషి! నేను నలభై ఏళ్ళుగా రాస్తున్నాను, ఇంత బరువైన చిన్న సంగతి నా కలానికి ఒక్కసారైనా దొరకలేదు. ఒంటరితనం అనే మాట ఈ పాటలోనూ ఉంది, పల్లవిలో. అయితే అది చెవిన పడేసరికి మనం ఆ ఇంట్లో కూర్చుని ఉంటాం. అందుకే నమ్ముతాం. నీ కథలో అది మొదటి వాక్యంలోనే వచ్చేసింది.

‘ఏంజెల్ ఫ్రమ్ మాంట్‌గోమరీ’ని ఇంకో కారణానికి వినమంటాను. ‘నేనొక ముసలిదాన్ని, మా అమ్మ పేరే నాకు పెట్టారు’ అంటూ మొదలవుతుంది. పాడుతున్నది ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు. వంటింట్లో ఈగలు ముసురుతున్నాయని ఆమె చెబుతుంది. పొద్దున పనికి వెళ్ళిన భర్త సాయంత్రం తిరిగొచ్చి మాటే ఆడడని చెబుతుంది. ఆమె మీద జాలి పడమని ఆయన మనల్ని ఎక్కడా అడగడు. నువ్వు మాత్రం పేరా పేరాకూ అడుగుతున్నావు.

1998లో మెడకు క్యాన్సర్ వచ్చి శస్త్రచికిత్స జరిగాక ఆయన గొంతు బొంగురుపోయింది. 2000లో పాత పాటలు కొన్ని మళ్ళీ రికార్డు చేశాడు, ‘హలో ఇన్ దేర్’ కూడా అందులో ఉంది. రెండూ వెంటవెంటనే విను. కుర్రతనంలో ఊహించి రాసిన ముసలివాడి దగ్గరకు యాభై దాటిన గొంతు నడిచి వస్తున్నట్టు ఉంటుంది. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ ఆయనను తీసుకుపోయింది. ఆ వారమంతా నేను ఇవే వింటూ గడిపాను.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. ‘ప్యారడైజ్’ అనే పాట తండ్రి కోసం రాశాడు. కెంటకీలో గ్రీన్ నది ఒడ్డున అదే పేరున్న తమవాళ్ళ ఊరు, బొగ్గు తవ్వకాలతో చెరిగిపోయిన ఊరు. ఆల్బమ్ బయటికి రాకముందే ఆ టేపు ఇంటికి తెచ్చి వినిపించాడు. పాట మొదలవగానే తండ్రి లేచి పక్క గదిలోకి వెళ్ళి చీకట్లో కూర్చున్నాడట. ఎందుకని అడిగితే, హోటళ్ళలో నాణెం వేస్తే పాట వినిపించే జ్యూక్‌బాక్స్‌లో వస్తోందని అనుకోవడానికి అన్నాడట. ఆల్బమ్ విడుదలయ్యే నాటికి ఆ తండ్రి లేడు.

కథ తిరగరాసి పంపు. ఆ ఫోను వాక్యాన్ని మాత్రం ముట్టుకోవద్దు.

నీ అన్నయ్య