కొబ్బరి చెట్టు తల దాకా నీటిని వేరు తోస్తుందా, ఆకు లాగుతుందా?

"మోటారు లేకుండా అరవై అడుగుల కొబ్బరి చెట్టు పైకి నీరు ఎలా ఎక్కుతుంది? వేర్లు తోస్తాయా, ఆకులు లాగుతాయా?" అని అడిగారు. లాగేది ఆకే. బడిలో చదివినప్పుడు నాకూ నమ్మకం కుదరలేదు. శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర మా తోటలో వేరుకు కట్టిన ప్లాస్టిక్ సంచి నమ్మించింది.

ఉద్దానంలో కొబ్బరికి నల్లి పడితే వేరు ద్వారా మందు పెడతారు. మొదలు దగ్గర తవ్వి, పెన్సిలంత లావున్న పచ్చి వేరును ఏటవాలుగా కోసి, మందునీళ్ల సంచిలో ముంచి దారంతో కట్టేస్తారు. మంచి ఎండ రోజున ఉదయం కడితే సాయంత్రానికి సంచి ఖాళీ. ముసురు పట్టిన రోజున కడితే మర్నాటికీ సగం మిగిలేది. "చెట్టుకు ఇవాళ దాహం లేదురా" అనేవారు మా బాబాయి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు మా తోటలో చాలా చెట్ల తలలు విరిగిపోయాయి. ఎండలు తిరిగి కాశాక ఒక మోడు వేరుకూ, పక్కనే మట్టలతో నిలిచిన చెట్టు వేరుకూ ఉత్త నీళ్ల సంచులు కట్టాను. ఇంత నష్టంలో నీకు ఈ పిచ్చి ఏమిటని అమ్మ తిట్టింది, న్యాయమే. సాయంత్రానికి మట్టలున్న చెట్టు నీళ్లు తాగేసింది. మోడు సంచి దాదాపు కట్టినట్టే ఉంది. ఒక్క జత చెట్లతో ఏదీ రుజువు కాదు కానీ, నా అనుమానం ఆ రోజుతో తీరింది.

జరిగేది ఇది. ఎండకు ఆకుల పత్రరంధ్రాల నుంచి నీరు ఆవిరైపోతుంది. ఆ లోటు వెనక ఉన్న నీటిని లాగుతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి ఆ లాగుడు దారువు (చెట్టులో నీరు మోసే భాగం) గొట్టాల గుండా వేరు కొన దాకా అందుతుంది. ఈ వివరణను 1894లో డిక్సన్, జోలీ అనే శాస్త్రవేత్తలు ఇచ్చారు. గట్టు మీద పెట్టిన మోటారు బావిలోంచి పది మీటర్లకు మించి నీటిని పీల్చలేదు, ఎందుకంటే అక్కడ నీటిని పైకి నెట్టేది గాలి ఒత్తిడే. చెట్టులో ఆ హద్దు లేదు. సన్నని గొట్టాల్లో నీటి తీగ తెగకుండా నిలుస్తుంది.

వేరు అసలు తోయదా అంటే, తోస్తుంది. తెల్లవారుజామున వరి ఆకు కొనన నిలిచే బొట్టు చాలావరకు మంచు కాదు, రాత్రంతా వేరు పీడనం పైకి నెట్టిన నీరు. వరికి అది సరిపోతుంది, కొబ్బరికి చాలదు.

అన్నిటికంటే నాకు ఆశ్చర్యం కలిగించేది కొబ్బరి గొట్టాల ఆయుష్షు. మామిడి, టేకు ఏటేటా కొత్త దారువు వేసుకుని లావెక్కుతాయి. కొబ్బరికి ఆ ఏర్పాటు లేదు. ఒక ఎత్తులో కాండం తయారైనప్పుడు ఏర్పడిన గొట్టాలే దశాబ్దాల పాటు నీరు మోయాలి, తెగితే వాటి స్థానంలో కొత్తవి రావు. ఎక్కడానికి వీలుగా కాండానికి మెట్లు నరుకుతుంటే నేను వద్దనేది అందుకే. వేరుకు మందు పెట్టేటట్టయితే ఎండ ఉన్న రోజు చూసి, పొద్దున్నే, కోసిన వెంటనే వేరును మందులో ముంచండి.