ఏప్రిల్‌లో క్రాపీ కోసం తెల్లవారుజామున లేవకండి

మీరు అడిగింది: మినెసోటాలో మంచు కరగగానే, ఏప్రిల్‌లో, పిల్లలతో కలిసి క్రాపీ, నార్తర్న్ పైక్ చేపలు పట్టడానికి వెళ్ళాలని ఉంది, పడవ కొనాలా, పొద్దున్నే ఎన్నింటికి బయల్దేరాలి?

పడవ వద్దు. పొద్దున్నే అసలే వద్దు. పైక్ సంగతి తర్వాత చెప్తాను, దాని వెనక మా ఇంట్లో ఇంకా తేలని పంచాయితీ ఒకటుంది.

ఇక్కడికొచ్చిన మొదటి రెండేళ్ళు నేనూ అయిదింటికి లేచి, వేళ్ళు కొంకర్లు పోతుంటే గట్టున నిలబడి, ఖాళీ బకెట్‌తో ఇంటికొచ్చిన బాపతే. తెల్లవారుజామున పడతాయనేది వేసవి మాట. ఏప్రిల్‌లో రాత్రిళ్ళు ఇంకా గడ్డకట్టే చలే. తెల్లారేసరికి లోతు తక్కువ నీళ్ళు బాగా చల్లబడిపోయి ఉంటాయి. మధ్యాహ్నం దాకా ఎండ పడితే, అడుగున నల్ల బురద ఉన్న చిన్న చిన్న మూలలు, ముఖ్యంగా దక్షిణపు ఎండ సూటిగా తగిలే ఉత్తరపు గట్టు, మిగతా చెరువుకంటే ముందు వేడెక్కుతాయి. పురుగూ పుట్రా, చిన్న చేపలూ అక్కడికి చేరతాయి, వాటి వెనకే క్రాపీ. గుడ్లు పెట్టడానికి వస్తుందని చాలామంది అంటారు. కాదు. గుడ్లకి నీళ్ళు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాలి, అంటే మే సగం అవ్వాలి. ఏప్రిల్‌లో అది వచ్చేది తిండికి. అందుకే మీరూ భోంచేసి వెళ్ళండి.

(అన్నట్టు ఇక్కడివాళ్ళు క్రాపీ అంటారు. స్పెల్లింగ్ చూసి నేను ఎరల కొట్లో "క్ర్యాపీ" అన్నాను. కౌంటర్ దగ్గరున్న కుర్రాడు నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయాడు.)

మూడేళ్ళ క్రితం ఏప్రిల్‌లో మా మామయ్యగారు వచ్చారు. కైకలూరు దగ్గర, కొల్లేటి గట్టున పెరిగిన మనిషి. రెండు వారాలు కిటికీలోంచి మంచు చూసి చూసి విసిగిపోయారు. ఒక శనివారం మినియాపొలిస్ పక్కనున్న మినటోంకా చెరువుకి తీసుకెళ్ళాను. దానికి ముందు లైసెన్సు గొడవ. 16 ఏళ్ళు దాటితే చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకీ కావాలి. "గేలం వెయ్యడానికి చలానా ఏంటండీ అల్లుడుగారూ" అంటూనే, 72 గంటల లైసెన్సు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, స్వెటర్ కింద చొక్కా జేబులో రైలు టికెట్‌లా దాచుకున్నారు.

మూడింటికి గట్టు దగ్గర ఆగాం. నిరుటి జమ్ము ఎండి నిలబడి ఉంది. అది చూడగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. నేను చూపించిన చోటు కాదని, జమ్ముకి మూరెడు ఇవతల వేశారు. చిన్న బెండు, దాని కింద రెండడుగుల్లో వేలెడంత చేపపిల్ల ఎర. బెండు కదలగానే కొరమీనుని లాగినట్టు ఒక్క గుంజు గుంజారు. రెండు పోయాయి. క్రాపీ మూతి కాగితమంత పల్చన, గుంజితే చిరిగిపోతుంది, ఊరికే ఎత్తాలంతే. మూడోది వచ్చింది: వెండి ఒంటి మీద మిరియాలు చల్లినట్టు నల్ల చుక్కలు, జానెడు కన్నా కాస్త పొడుగు. అయిదింటికి బకెట్లో అయిదున్నాయి. రోజుకి మనిషికి పది పట్టుకోవచ్చు. పడుతున్నాయి కదా అని పది దాటించి డిక్కీలో వేసుకుపోయే మనవాళ్ళని కూడా చూశాను, వాళ్ళ గురించి మొదలుపెడితే ఇంకో జవాబు అవుతుంది.

అప్పుడు బెండు మునగలేదు, పక్కకి జారుతూ జారుతూ మాయమైంది. రీలు కర్రుమంది. నాలుగు పౌన్ల బరువు ఆపే దారం, తెగుతుందనే అనుకున్నాను. ఆయన మాత్రం తొందరపడకుండా వదులుతూ, లాగుతూ, మళ్ళీ వదులుతూ పది నిమిషాలు ఆడించారు. గట్టుకొచ్చాక చూస్తే ముప్ఫై అంగుళాలకి అటూ ఇటూగా నార్తర్న్ పైక్. పచ్చటి ఒళ్ళు, లేత పసుపు చుక్కలు, బాతు ముక్కులాంటి మూతి. కొక్కెం పెదవి చివర తగులుకుంది కాబట్టి సరిపోయింది, లోపలికి దిగితే ఆ పళ్ళకి దారం ఎప్పుడో తెగేది. "కొరమీనుకి పెదనాన్నలా ఉందే!" అంటూ బురదలో మోకాళ్ళ మీద కూర్చుండిపోయారు.

"వదిలెయ్యాలండీ మామయ్యగారూ" అన్నాను.

విస్తరి ముందు నుంచి లేపేసినట్టు చూశారు నా వంక. ఈ రాష్ట్రంలో, సరిహద్దు మీద లేని లోపలి చెరువుల్లో పైక్ సీజన్ ఫిబ్రవరి చివరి ఆదివారంతో ముగుస్తుంది, మళ్ళీ మే నెల మధ్యలో ఒక శనివారం తెరుస్తారు. మంచు పోతూనే అవి గుడ్లు పెడతాయి. పొరపాటున పడ్డా వెంటనే వదలాలి. "ఎవరు చూస్తారండీ ఇక్కడ?" అన్నారు. ఎవరూ చూడరన్నాను. ఆయన చేప పొట్ట కింద చెయ్యి పెట్టి కాసేపు తడిమి, "కడుపు నిండా జనే" అని, తలని చెరువు వైపు తిప్పి పట్టుకున్నారు. స్వెటర్ చెయ్యి మోచేతి దాకా తడిసింది. అది ఒకసారి తోక కొట్టి జమ్ములోకి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. రాత్రి క్రాపీ వేపుడు మాత్రం మూడు ముక్కలు మారు వేయించుకుని, "రుచి ఉంది కానీ, దానితో పులుసు పెడితే..." అని సగంలో ఆపేశారు.

ఏప్రిల్‌లోనే పైక్ కావాలంటే నార్త్ డకోటా వెళ్ళండి, అక్కడ ఏడాది పొడవునా పట్టొచ్చు. డెవిల్స్ లేక్ ఆరేడు గంటల డ్రైవు. 1990ల నుంచి ఆ చెరువు దాదాపు 30 అడుగులు పెరిగి పొలాలనీ రోడ్లనీ ముంచేసింది. మనవైపు తొలకరి నీళ్ళకి చేపలు ఎదురెక్కినట్టే, అక్కడ మంచునీళ్ళు దిగే వాగుల్లోకి పైక్ ఎదురెక్కుతుంది. రోడ్ల కింద తూముల దగ్గర నిలబడితే చాలు. పెద్ద బెండు, చచ్చిన చేప ఎర, దారం చివర స్టీలు తీగ. తీగ లేకుండా మాత్రం వెళ్ళకండి. పైక్‌కి ముళ్ళెక్కువంటారా, పులస తిన్నవాళ్ళకి అదో లెక్కా.

మీ పిల్లలకి 16 ఏళ్ళ లోపైతే లైసెన్సు అక్కర్లేదు. చెరువు దగ్గర నుంచి బయల్దేరే ముందు ఎర బకెట్లో నీళ్ళు పారబోయండి, ఇక్కడ అది చట్టం. 300 డాలర్ల రాడ్డు కొనకండి, చేపకి దాని ధర తెలీదు. ఇండియా నుంచి పెద్దవాళ్ళని తీసుకెళ్తే, పైక్ పడితే వదలాలన్న ముక్క ఇంట్లోనే చెప్పి తీసుకెళ్ళండి. నేను గట్టు మీద చెప్పాను. మా ఆవిడ ఇప్పటికీ దానికి నన్నే అంటుంది.