‘లింగ హింస’ అనవచ్చా?

సందేహం: మా కళాశాల సదస్సుకు ఒక విదేశీ విశ్వవిద్యాలయం నుంచి అతిథి వస్తున్నారు. అక్కడ ఈక్విటీ ఆఫీసులో అధికారి. జెండర్ బేస్డ్ వయలెన్స్ మీద పరిశోధన చేశారు. పరిచయ పత్రంలో ‘సమానత్వ అధికారిణి’, ‘లింగ హింసపై పరిశోధకురాలు’ అని రాస్తే తోటివాళ్లు నవ్వుతున్నారు. తప్పెక్కడుంది? ఫిర్యాదు చేసినవారిని ‘బాధితురాలు’ అనవచ్చా?
– ఒక అధ్యాపకురాలు, మహబూబ్‌నగర్

సమాధానం: వ్యాకరణం తప్పలేదమ్మా, చిక్కంతా సమాసంతోనే. ‘హింస’ చివర చేరితే ముందున్న పదానికి ఏ విభక్తి వేసుకోవాలో చదివేవాళ్లే ఊహించుకోవాలి. ‘జీవహింస’ అంటే జీవులను హింసించడం. ‘గృహహింస’ అంటే ఇంటిని హింసించడం కాదు, ఇంట్లో జరిగే హింస. ఇక ‘లింగ హింస’ను జీవహింస దారిలో విడదీసినవాళ్లకు నవ్వు రాక ఏమొస్తుంది! ‘లింగ వివక్ష’ పత్రికల్లో బాగా నలిగిన మాట కాబట్టి దానికి ఈ ఇబ్బంది లేదు.

‘లైంగిక హింస’ అని మార్చమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకండి, అర్థం కుంచించుకుపోతుంది. స్త్రీల పట్ల వివక్షపై ఐక్యరాజ్యసమితి కమిటీ 1992లో 19వ సాధారణ సిఫారసులో జెండర్ బేస్డ్ వయలెన్స్‌ను నిర్వచించింది: స్త్రీ అయినందుకే ఆమెపై జరిగే హింస, లేదా స్త్రీలనే ఎక్కువగా దెబ్బతీసే హింస. కట్నం కోసం కాల్చుకుతినడం, పది పాసవగానే చదువు మాన్పించి పెళ్లి చేసేయడం, బాణామతి చేసిందని ఒంటరి ఆడమనిషిని కొట్టడం – మన పల్లెలకు తెలిసిన ఇవన్నీ ఈ నిర్వచనంలోకి వస్తాయి. అందుకని శీర్షికలో ‘జెండర్ హింస’ అనండి. జెండర్ అన్న మాట ఇప్పుడు మన విద్యార్థులకు కొత్త కాదు. లోపల ‘ఆడవాళ్లయినందుకు ఎదుర్కొనే హింస’ అని విప్పి రాయండి. ఆమె పరిశోధనలో ట్రాన్స్‌జెండర్ల మీద జరిగే దాడులు కూడా ఉంటే వారినీ కలపండి.

‘సమానత్వం’ ఈక్వాలిటీకి స్థిరపడిపోయింది. ఈక్విటీ వేరు, ఎవరి పరిస్థితిని బట్టి వారికి న్యాయం జరిగేలా చూడటం. ‘సమన్యాయం’ అందామంటే సమన్యాయ పాలన (రూల్ ఆఫ్ లా) గుర్తొచ్చి దారి తప్పిస్తుంది. ‘ఈక్విటీ విభాగం అధికారి’ అని, పక్కనే ‘వివక్ష, వేధింపుల ఫిర్యాదులు చూస్తారు’ అని రాస్తే సరిపోతుంది. ‘అధికారిణి’ తప్పు కాదు గానీ, ‘అధికారి’ చాలు.

‘బాధితురాలు’ సంగతి కాస్త జాగ్రత్తగా చూడాలి. పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 నాటి చట్టం కింద మీ కళాశాలలోనూ అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అక్కడ విచారణ తేలేదాకా ‘ఫిర్యాదుదారు’, ‘ప్రతివాది’ అనడం మేలు. అవతలి వ్యక్తిని ‘నిందితుడు’ అంటే పోలీసు కేసు అనుకుంటారు. కౌలుదారు, వాటాదారు మాటల్లాగే ఫిర్యాదుదారు కూడా ఆడా మగా ఇద్దరికీ సరిపోతుంది, ‘రాలు’ తగిలించనక్కర్లేదు. ఆడవాళ్ల గురించి కోర్టుల్లో వాడే మూసమాటలపై 2023లో సుప్రీంకోర్టు విడుదల చేసిన కరదీపిక ‘ఈవ్ టీజింగ్’ అనే మాటనే వద్దంది. బాధితులను ఏమని పిలవాలన్న దగ్గర వారి ఇష్టాన్ని గౌరవించమంది.

మీరడగని మాట ఒకటి. మన వైపు అమ్మాయి కమిటీ ముందు ‘సార్ సతాయిస్తుండు’ అంటుంది. దాన్ని దిద్ది ‘మానసిక వేధింపులకు గురిచేస్తున్నారు’ అని రాసేస్తుంటారు. పిల్లాడు చాక్లెట్ కోసం చేసే మారాం నుంచి చెయ్యి పట్టుకోవడం దాకా అన్నిటికీ ‘సతాయించుడే’ వాడతాం. ఆమె మాట ఆమె అన్నట్టే రాసి, ఏం చేశాడో అడిగి, అదీ ఆమె మాటల్లోనే కింద చేర్చండి.