ఎనిమిది స్పీడ్ల షిఫ్టర్‌కి పది స్పీడ్ల డిరైలర్

ప్రశ్న: నా మౌంటెన్ బైక్‌కి ముందు మూడు చైన్‌రింగులు (పెడల్ దగ్గరి పళ్ల చక్రాలు, 42-32-22 పళ్లు), వెనక ఎనిమిది స్ప్రాకెట్లు (వెనక చక్రం మీది పళ్ల చక్రాలు, 11-32 పళ్లు). అన్నీ షిమానోవే. రాళ్ల దారిలో దిగుతుంటే వెనక డిరైలర్ (చైన్‌ని ఒక స్ప్రాకెట్ నుంచి ఇంకోదానికి జరిపే భాగం) స్పోకుల్లో చిక్కుకుని విరిగింది. స్నేహితుడి దగ్గర ఊరికే పడున్న పది స్పీడ్ల మౌంటెన్ డిరైలర్, అదీ షిమానోదే, తెచ్చి బిగించాను. నా పాతదానికంటే ఖరీదైన రకం. చిన్న స్ప్రాకెట్ల దగ్గర పర్వాలేదు. తర్వాత ఒక క్లిక్కుకి చైన్ ఎక్కుతుంది, ఇంకో క్లిక్కుకి ఎక్కదు. పెద్దవి రెండూ అసలు రావు. కేబుల్ మార్చాను, ఎల్ స్క్రూ పూర్తిగా వదులు చేశాను. షిఫ్టర్ (హ్యాండిల్ మీద గేర్లు మార్చే మీట) పోయిందంటారా?

జవాబు: షిఫ్టర్‌కి ఏమీ కాలేదండీ. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, మీరు ఎల్ స్క్రూ మీద పడ్డారు. చైన్ స్పోకుల్లోకి పోకుండా ఆపేది అదొక్కటే. దాని సంగతి చివర్లో చెబుతాను.

క్లిక్కుకి కేబుల్ ఎంత లాగాలో షిఫ్టర్‌దే నిర్ణయం. ఆ లాగుడుకి ఎంత జరగాలో డిరైలర్‌ది. మీ షిఫ్టర్ క్లిక్కుకి సుమారు 2.8 మి.మీ. లాగుతుంది. పాత డిరైలర్ దానికి 1.7 రెట్లు, అంటే 4.8 మి.మీ. జరిగేది. ఎనిమిది స్పీడ్ల క్యాసెట్లో (వెనక స్ప్రాకెట్ల కట్టలో) స్ప్రాకెట్‌కీ స్ప్రాకెట్‌కీ మధ్య దూరం సరిగ్గా అంతే. మౌంటెన్ బైకులకు పది స్పీడ్లు తెచ్చినప్పుడు షిమానో ఈ లెక్క మార్చేసింది. కేబుల్ ఎక్కువ లాగాలి, డిరైలర్ తక్కువ జరగాలి. అలాగైతే కేబుల్ గొట్టంలోకి మట్టి చేరినా గేర్లు అంత తొందరగా గతి తప్పవు. మంచి ఆలోచనే, కానీ పాత షిఫ్టర్‌తో పొత్తు చెడింది.

మీ స్నేహితుడిచ్చినది 1.2 రెట్లే జరుగుతుంది. అంటే క్లిక్కుకి 3.4 మి.మీ. లోపు. ప్రతి క్లిక్కుకీ 1.4 చొప్పున వెనకబడుతూ, మూడో క్లిక్కుకి దాదాపు ఒక స్ప్రాకెట్ బాకీ పడుతుంది. ఏడు క్లిక్కులకీ 33.6 మి.మీ. పోవాల్సింది 23.5 దగ్గర ఆగుతుంది. అది ఐదు స్ప్రాకెట్ల దూరం. మీకు రాని రెండూ అవే! ఏ స్క్రూ తిప్పినా ఈ బాకీ తీరదు.

మీకు కావలసింది షిమానో ఎనిమిది లేదా తొమ్మిది స్పీడ్ల మౌంటెన్ డిరైలర్. తొమ్మిది అని రాసుంటే వెనక్కి పెట్టేయకండి. కేబుల్ లెక్క ఒకటే. నా సొంత ఎనిమిది స్పీడ్ల బండి మీద తొమ్మిది స్పీడ్లదే ఏళ్లుగా నడుస్తోంది.

దానమిచ్చిన ఆవుకు పళ్లు లెక్కపెట్టకూడదంటారు గానీ, డిరైలర్ దగ్గర లెక్కపెట్టాల్సిందే. ముందు పెద్ద, చిన్న రింగుల తేడా 20. వెనక తేడా 21. మొత్తం 41. డిరైలర్ మిగులు చైన్‌ని కనీసం ఇంత సర్దుకోగలగాలి. షిమానో తొమ్మిది స్పీడ్ల పొడుగు కేజ్ (డిరైలర్ కింద చైన్‌ని బిగువుగా పట్టే చట్రం) 45 వరకు ఓర్చుకుంటుంది, మధ్యరకం 33 దగ్గరే చేతులెత్తేస్తుంది. చూడ్డానికి పొందిగ్గా ఉందని నేనొకసారి మూడు రింగుల బండికి మధ్యరకం వేశాను. ముందూ వెనకా చిన్నవే ఉన్న గేర్లో చైన్ వేలాడకుండా పొట్టిగా కోశాను. ఒక ఎక్కుడులో ఆయాసపడుతూ ముందున్న పెద్ద రింగు మరిచిపోయి వెనక కూడా పెద్దదానికి మార్చాను. చైన్ బిగుసుకుపోయి, డిరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే హ్యాంగర్‌ని పెకలించింది. మిగతా దారంతా బండిని తోసుకుంటూ వచ్చాను.

హ్యాంగర్ అంటే గుర్తొచ్చింది. డిరైలర్ స్పోకుల్లో పడిందంటే మీది దాదాపు ఖాయంగా వంగి ఉంటుంది. ఫ్రేమ్ దెబ్బతినకుండా తాను వంగేలా మెత్తటి అల్యూమినియంతో చేస్తారు. కంటికి తిన్నగా కనిపించినా నమ్మకండి. వంకర కొలిచే గేజ్ పెట్టి సరిచేయించండి, లేదా అదే ఆకారంలో కొత్తది వేయండి. ఇది వదిలేస్తే కొత్త డిరైలర్ కూడా స్పోకుల దారే పడుతుంది.

కొత్తది బిగించాక, కేబుల్ తగిలించకముందే డిరైలర్‌ని చేత్తో స్పోకుల వైపు నెడుతూ, ఎల్ స్క్రూని మళ్లీ లోపలికి తిప్పుకుంటూ రండి. పెద్ద స్ప్రాకెట్‌కి సూటిగా కిందికొచ్చి ఆగాలి, వెంట్రుకవాసి కూడా దాటకూడదు.

స్నేహితుడిచ్చినదాన్ని దాచుకోండి. మీ హబ్‌ది మరతో తిప్పి బిగించే ఫ్రీవీల్ కాకుండా క్యాసెట్ రకమైతే, ఎప్పుడైనా పది స్పీడ్ల షిఫ్టర్, క్యాసెట్, చైన్ మూడూ కలిపి మార్చే రోజున పనికొస్తుంది.