హాన్లే చుక్కల వేడుకకు పదేళ్ల పిల్లతో వెళ్లవచ్చునా?

మీరు మూడు సంగతులు అడిగారు. లద్దాఖ్‌లోని హాన్లేలో ఏటా జరిగే స్టార్ పార్టీకి మీ పదేళ్ల అమ్మాయిని తీసుకొని వెళ్లవచ్చునా, టెలిస్కోపు మనమే మోసుకొని పోవాలా, హైదరాబాదు నుంచి అంత ఖర్చు పెట్టుకొని వెళ్తే అక్కడ నిజంగా చూడదగినది ఏముంది అని. ఒకసారి వెళ్లి వచ్చినవాడిని కాబట్టి తెలిసినంత చెబుతాను. మొదటి ప్రశ్నకు నా జవాబు వద్దు అనే. మిగిలిన రెండింటికి కొంత వివరంగా చెప్పవలసి ఉంది.

ముందుగా ఆ వేడుక ఎటువంటిదో తెలిస్తే సగం సందేహాలు తీరుతాయి. బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ, లద్దాఖ్ పాలనా యంత్రాంగం, లేహ్ స్వయంపాలక పర్వత మండలి కలిసి 2022లో ఒప్పందం చేసుకున్నాయి. ఆ ఏడాది డిసెంబరులో, హాన్లేలోని వేధశాల చుట్టూ 22 కిలోమీటర్ల వ్యాసార్థంలో ఉన్న 1,073 చదరపు కిలోమీటర్ల నేలను చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. మరుసటి ఏడాది నుంచి అమావాస్యను ఆనుకొని ఈ స్టార్ పార్టీ నడుస్తున్నది. దేశం నలుమూలల నుంచి ఔత్సాహికులు దరఖాస్తు పెట్టుకొంటే, ఎంపికైన కొద్దిమందికే అందులో చోటు దొరుకుతుంది. జాతరలా అంగళ్లూ మైకులూ ఉంటాయని ఊహించుకొని వెళ్లేవారికి ఆశాభంగం తప్పదు. వేడుక అంతా మాటలు తగ్గించి మాట్లాడుకొనే జనం, నేలమీద వరుసగా నిలబెట్టిన టెలిస్కోపులు, మధ్యమధ్య ఒకరి భుజం ఒకరు తట్టి "ఇది చూశారా" అని పిలవడం, అంతే. నేను వెళ్లిన ఏడాది అది మహాలయ అమావాస్య నాడే పడింది. ఎంగిలిపూల బతుకమ్మ నాడు ఇల్లు విడిచి వెళ్తున్నానని మా ఆవిడ చాలా రోజులు దెప్పిపొడిచింది.

అక్కడ చూడదగినది ఏముంది అన్న మీ ప్రశ్నకు చాలామంది పాలపుంత అని చెబుతారు. నేను ముందుగా ఊరిని చూడమంటాను. సాయంత్రం పొద్దు గుంకగానే హాన్లేలో ఇళ్ల కిటికీలకు మందపాటి పరదాలు పడతాయి. వాకిట్లో దీపం ఉంటే దానికి వెలుగు నేలమీదనే పడేట్టు డిప్ప తగిలించి ఉంటుంది. బల్బులు కూడా తెల్లనివి కావు, పసుపు వన్నెవి. వాహనాలు రాత్రిపూట హైబీమ్ వేయరాదు. ఈ కట్టుబాట్లు అధికారులు రాసినవే అయినా, రోజూ పరదా లాగేది ఆ ఇంటి ఇల్లాలే. అలాంటి ఇళ్ల నుంచే ఇరవై మందికి పైగా ఎంపిక చేసి, టెలిస్కోపు వాడకంలో శిక్షణ ఇచ్చి, ఖగోళ రాయబారులుగా నియమించారు. వారిలో ఎక్కువమంది మహిళలే. పగలు పశువులూ పొలమూ చూసుకొని రాత్రి వచ్చినవారికి శనిగ్రహపు వలయాలు చూపిస్తారు. అందుకు రుసుము తీసుకొంటారు, ఇళ్లలో బస కూడా ఇస్తారు. చీకటి వల్ల నాలుగు రాళ్లు ఇంటికి వస్తున్నాయి గనుకనే పరదా మాట నిలబడిందని నా అభిప్రాయం, అందులో తప్పేమీ లేదు.

ఈ సంగతి నాకు అంతగా ఎందుకు పట్టిందో చెప్పడానికి కొంచెం పక్కకు వెళ్లాలి. మా ఊరు ఇబ్రహీంపట్నం దగ్గర. బేగంపేటలోని నిజామియా వేధశాల చుట్టూ నగరం పెరిగిపోతుండగా, ఉస్మానియా విశ్వవిద్యాలయం వారు చీకటిని వెదుక్కుంటూ మా వైపు వచ్చి, జాపాల రంగాపూర్ గుట్ట మీద 48 అంగుళాల టెలిస్కోపును 1968లో నెలకొల్పారు. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి దేశవిదేశాల శాస్త్రవేత్తలు అక్కడికి చేరారు. అప్పుడు నాకు మీ అమ్మాయి వయసే. వాళ్లంతా గుట్టమీద నిలబడి ఆకాశంలోకి చూస్తుంటే, మేము తలుపులు బిడాయించుకొని, నీళ్ల కుండల మీద గరిక వేసుకొని ఇంట్లో కూర్చున్నాము. ఆ తరువాత కూడా చాలా ఏళ్లు మా నాయనమ్మ ఆరుబయట మంచం వేసుకొని సప్తర్షులను మంచంకోళ్లు అని, కృత్తికలను పిల్లలకోడి అని చూపించేది. ఇప్పుడు మా డాబా మీద నుంచి పడమటి దిక్కంతా ఎర్రబారిన పొగలా వెలుగుతూ ఉంటుంది, పిల్లలకోడిని వెదికి పట్టుకోవలసి వస్తున్నది. ఎవరో వచ్చి మా చుక్కలను ఎత్తుకుపోలేదు. ఒక్కొక్క ఇంటి ముందు ఒక్కొక్క తెల్ల దీపం వెలిగింది, నాదీ అందులో ఒకటి.

హాన్లేలో నా మొదటి రాత్రి తప్పుతోనే మొదలయింది. టెలిస్కోపులు పెట్టిన మైదానానికి కొంత దూరంలో కారు ఆపి, చేతిసంచి తీసుకోవడానికి తలుపు తెరిచాను. లోపలి దీపం భగ్గున వెలిగింది. చీకటిలో నుంచి "లైట్!" అని నలుగురైదుగురు ఒకేసారి అరిచారు. ఒక యువకుడు అరగంటగా తీస్తున్న ఫోటోల వరుస నా వల్ల పాడయింది. అతను ఏమీ అనలేదు గానీ, అనకపోవడమే నాకు ఎక్కువ సిగ్గుగా తోచింది. కాబట్టి కారు లోపలి దీపం ఆపివేయించడం, ఫోనును జేబులోనే ఉంచడం, ఎర్ర కాంతి ఇచ్చే టార్చి ఒకటి కొనుక్కోవడం, ఈ మూడూ టికెట్టు కొనడం కంటే ముందు చేయవలసిన పనులు. మన కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి అరగంటో, అంతకు మించో పడుతుంది. ఒక్క తెల్ల వెలుగు పడితే మళ్లీ మొదటికి వస్తుంది. ఎర్ర వెలుగు ఆ అలవాటును అంతగా చెడగొట్టదు.

ఇక ఆకాశం. నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరచినది ఒక మబ్బు తునక. నగరంలో రాత్రి మబ్బు కింది దీపాల వెలుగుకు తెల్లగా కనిపిస్తుంది. అక్కడ వెలుగు చుక్కలది మాత్రమే కావడంతో, మబ్బు ఆకాశానికి పడ్డ చిరుగులాగా కారునలుపుగా కదిలిపోయింది. నైరుతిలో పాలపుంత నడిబొడ్డు పర్వతాల వెనుకకు దిగుతూ ఉంటే, ఈశాన్యం నుంచి ఆండ్రోమెడా గెలాక్సీ ఏ పరికరమూ లేకుండానే కోలగా మసకమసకగా కనిపించింది. పాతిక లక్షల కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చిన వెలుగు అది. ధ్రువ నక్షత్రం హైదరాబాదులో క్షితిజానికి పదిహేడు డిగ్రీల ఎత్తునే ఉంటుంది, అంటే చాచిన చేతి పిడికిలి ఒక్కొక్కటి పది డిగ్రీలని లెక్కవేస్తే పిడికిళ్లు రెండు కూడా నిండవు. హాన్లేలో అది ముప్పైమూడు డిగ్రీల దగ్గర నిలబడి ఉండడంతో, అలవాటైన చోట వెదికి, దొరకక, మెడ పైకెత్తవలసి వచ్చింది.

మసక వస్తువులను చూడడానికి నాకు అక్కడి రాయబారి ఒకామె నేర్పిన కిటుకు చాలా ఉపయోగపడింది. వస్తువును సూటిగా చూడకుండా ఓరకంట చూడాలి. కంటి మధ్యభాగం రంగులనూ వివరాలనూ పట్టుకొంటుంది గానీ చీకటిలో దానికి చూపు తక్కువ, మసక వెలుగును పట్టే కణాలు దాని చుట్టూ ఉంటాయి. ఆమె హిందీ నా హిందీ లాగే తడబడుతూ ఉండడం వల్ల మాకు బాగానే కుదిరింది. రాత్రి పదింటి వేళకు కృత్తికలు పైకి రాగానే, మీ వైపు దీన్ని ఏమంటారని అడిగింది. పిల్లలకోడి అంటామని, తల్లికోడి చుట్టూ పిల్లలని సైగలతో చెప్పాను. ఆమె నవ్వి, తమవాళ్లు మిన్‌డ్రుక్ అంటారని, అందులో డ్రుక్ అంటే ఆరు అని చెప్పింది. మన పురాణాలలోనూ కృత్తికలు ఆరుగురే కదా! ఆ రాత్రి ఓరచూపుతో నేను తొమ్మిది వరకూ లెక్కపెట్టాను.

అందరూ నిద్రకు వెళ్లిన తరువాత తెల్లవారుజామున నాలుగున్నరకు ఒకసారి లేవండి. తూర్పున, ఇంకా వేకువ పట్టకముందే, గోపురం ఆకారంలో లేత వెలుగు ఒకటి కొండ మీద నుంచి ఏటవాలుగా పైకి పాకి ఉంటుంది. గ్రహాలు తిరిగే తలంలో పరుచుకొని ఉన్న సన్నని ధూళి మీద సూర్యుని వెలుగు పడితే కనిపించే రాశిచక్ర కాంతి అది. అంతకుముందు దాన్ని నేను పుస్తకాలలో తప్ప ఎన్నడూ చూడలేదు, ఇక్కడ మన ఊళ్లలో చూడగలనన్న ఆశ కూడా లేదు.

ఇంత చెప్పి పిల్లను తీసుకుపోవద్దు అనడానికి కారణం ఎత్తు. వేధశాల ఉన్న కొండ సుమారు 4,500 మీటర్ల ఎత్తున ఉంది, ఊరు దానికంటే కొంచెం దిగువ. ఊపిరికి అందే ఆక్సిజన్ మన ఊళ్లతో పోలిస్తే ఇంచుమించు ఆరు పదుల శాతానికి పడిపోతుంది. లేహ్ 3,500 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ కనీసం రెండు మూడు రోజులు కదలకుండా ఉండి, ఆ తరువాతే సింధు నది వెంబడి న్యోమా మీదుగా 250 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయాలి. నేను లేహ్‌లో ఒక్క రోజే ఆగి తొందరపడ్డాను, హాన్లేలో మొదటి రాత్రి తలనొప్పితో, వికారంతో సగం సేపు గదిలోనే గడిపాను. పిల్లలకు తల నొస్తున్నదో, అలసటో, బెంగో చెప్పుకోవడం తెలియదు. పెద్ద ఆసుపత్రి దగ్గరలో లేదు. ఇంకొక సంగతి, ఆక్సిజన్ తగ్గితే ముందుగా దెబ్బతినేది రాత్రి చూపే. అంత దూరం వెళ్లి తొందరలో చూస్తే చుక్కలు కూడా పూర్తిగా కనిపించవు. పైగా అక్టోబరు మొదట్లోనే రాత్రి చలి సున్నాకు దిగువకు పోతుంది.

మీరు ఒక్కరే వెళ్లదలిస్తే టెలిస్కోపు మోయకండి. రాయబారుల దగ్గర ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్లు, అంటే నేలమీద పెట్టి చేత్తో తిప్పుకొనే అద్దపు టెలిస్కోపులు ఉన్నాయి, చూపించేవారూ ఉన్నారు. నేను తీసుకువెళ్లిన 10×50 బైనాక్యులర్ నాకు చాలినంత ఆనందం ఇచ్చింది. బ్యాటరీలను మాత్రం చొక్కా లోపల, ఒంటి వెచ్చదనానికి ఆనించి పెట్టుకోవాలి, చలికి అవి చూస్తుండగానే నీరసించిపోతాయి. స్టార్ పార్టీలో చోటు దొరకకపోయినా చింత లేదు. జూన్ నుంచి అక్టోబరు వరకు ఏ అమావాస్య దగ్గరైనా ఊరిలో ఒక ఇంట్లో బస చేసి రాయబారితో చూస్తే, జనం తక్కువ, చూసే సమయం ఎక్కువ. నిజం చెప్పాలంటే నాకు రెండోసారి వెళ్లే అవకాశం వస్తే అలాగే వెళ్తాను. అనుమతి పత్రాల నియమాలు మారుతూ ఉంటాయి, లేహ్‌లో దిగగానే విచారించండి. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

పగలు ఖాళీగా ఉంటారనుకోకండి. కొండ మీద, శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరిట 2 మీటర్ల అద్దం గల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు ఉంది, దాన్ని బెంగళూరు దగ్గరి హొసకోటె నుంచి ఉపగ్రహం ద్వారా నడుపుతారు. దిగువన మైదానంలో 21 మీటర్ల వ్యాసపు పళ్లెంతో మేస్ అనే గామా కిరణాల టెలిస్కోపు నిలబడి ఉంటుంది. భాభా అణు పరిశోధన కేంద్రం వారితో కలిసి మన హైదరాబాదులోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ దాని నిర్మాణంలో పాలుపంచుకొంది. అది విన్నప్పుడు నాకు మా వీధివాడు కనిపించినట్టయింది. ఊరి పక్క చిత్తడి నేలలో నల్లమెడ కొంగల జంటలు తిరుగుతూ ఉంటాయి, దూరంగా కియాంగ్ అనే అడవి గాడిదలు. ఈ రక్షిత ప్రాంతం చాంగ్‌థాంగ్ వన్యప్రాణి అభయారణ్యంలోనే ఉంది, పక్షులకు దగ్గరగా వాహనం పోనివ్వకండి.

అమ్మాయి కోసమైతే నేను పెంచ్ పేరు చెబుతాను. మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యానికి 2024 జనవరిలో దేశంలోనే మొదటి డార్క్ స్కై పార్కుగా అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. అక్కడ కూడా చుట్టుపక్కల ఊళ్లలో వీధి దీపాలను నేలవైపుకు తిప్పారు. ఆదిలాబాద్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకొని నాగపూరు దాటితే చాలు, ఎత్తు భయం లేదు, విమానం అక్కరలేదు. డిసెంబరు, జనవరి అమావాస్యలలో వెళ్తే ఆకాశం నిర్మలంగా ఉంటుంది, రాత్రి ఎనిమిదింటికే పిల్లలకోడి నడినెత్తికి దగ్గరగా వచ్చి ఉంటుంది. బయలుదేరే ముందు వారం రోజులు మీ మేడ మీద, వాటర్ ట్యాంకు నీడలో వీధి దీపం కంటపడని చోట అమ్మాయిని కూర్చోబెట్టి, ఎన్ని చుక్కలు కనిపిస్తున్నాయో కాగితం మీద రాయించండి. పెంచ్‌లోనూ అదే కాగితం మీద మళ్లీ లెక్క రాయించండి.